పాలెంలో ఒంటిపొద్దు

ముత్యాలయ్యకు కోపమెక్కువ అని నెల్లూరు సంతపేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ముక్కు మీదే ఉంటుంది ఆ కోపం. అయితే అందరి కోపంలా కూర బాగాలేదనో, చొక్కా ఇస్త్రీ సరిగా లేదనో వచ్చే కోపం కాదది. తన ఇంటికొచ్చిన మనిషి అన్నం వద్దంటే వచ్చే కోపం.

ఆయన ఇంటికి ఎవరు ఏ పని మీద వెళ్ళినా ముందు చాప మీద కూర్చోవాలి, కంచంలో చెయ్యి పెట్టాలి, ఆ తర్వాతే మాట. ఇప్పుడే తిని వచ్చామండీ అన్నారా, అయిపోయారే. మీటరు చూడ్డానికొచ్చిన కరెంటు మనిషి కూడా చేపల పులుసుతో అన్నం తిని చెయ్యి కడుక్కుని వెళ్ళిన ఇల్లది. వంట భార్య చేస్తుంది. వడ్డించేది మాత్రం ఆయన తల్లి అంకాలమ్మ. ఆమెకు చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది, సగం పులుసు కంచం బయట పోస్తుంది. అయినా ఇంకెవరూ గరిటె ముట్టుకోకూడదు. ఒకసారి భార్య, ఆమెకెందుకండీ శ్రమ, నేను వడ్డిస్తానుగా అంటే, ముత్యాలయ్య మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఈ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. 1961 ఎండాకాలంలో ఒక శనివారం వచ్చింది. వచ్చి, పోకుండా ఉండిపోయింది.

అప్పటికి ముత్యాలయ్యకు పెళ్ళి కాలేదు. నెల్లూరులో ఒక బియ్యం మిల్లు ఆఫీసులో టైపిస్టు. ఊరు మైపాడు అవతల సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్టపుపాలెం, చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు. తండ్రి వేటకు పోయి తిరిగి రాలేదు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మి కొడుకును చదివించింది. ఆ పాలెంలో స్కూలు ఫైనలు దాటినవాడు అతనొక్కడే. వల ముట్టుకోనివ్వలేదామె. నీ చేతులు కాయితాలకే నాయనా అనేది.

మిల్లు ఆఫీసులోనే పనిచేసే పద్మనాభయ్య, హజరత్తయ్య, ముత్యాలయ్య ముగ్గురూ కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళు. పద్మనాభయ్యది బుచ్చిరెడ్డిపాలెం, వరిపొలాలున్న కుటుంబం. తెల్లటి చొక్కా, నవ్వు ముఖం, ఎవరినీ ఒక్క మాట కటువుగా అనడు. హజరత్తయ్యది గూడూరు, నిమ్మకాయల వ్యాపారం చేసే ఇల్లు. తల్లి కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. పద్మనాభయ్య ఎటు నడిస్తే అతనూ అటే నడిచేవాడు. ముగ్గురిదీ ఒకే కూజా, ఒకే దువ్వెన. ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి.

భోజనం పంతులు గారి మెస్సులో. ముగ్గురూ వరసగా ఆకుల ముందు కూర్చునేవాళ్ళు. పద్మనాభయ్యకు వంకాయ పడదు. ముట్టుకోకముందే తన ఆకులోని వంకాయ కూర తీసి ముత్యాలయ్య ఆకులో వేసేవాడు. ముత్యాలయ్యకు అదెంత గొప్పగా ఉండేదో చెప్పలేం. ఆ ఎంగిలికాని వంకాయ ముక్కల్లోనే స్నేహమంతా ఉందనుకున్నాడు, పిచ్చివాడు. రెండేళ్ళ పాటు కూర అటునుంచి ఇటే వచ్చింది తప్ప, తన ఆకులోంచి ఒక్క అప్పడం ముక్కయినా అటు వెళ్ళలేదన్న సంగతి అతనికి తట్టనే లేదు.

ఆ వేసవిలో బాయిలరు మరమ్మత్తని మిల్లుకు ఒక శనివారం సెలవిచ్చారు. ఎండలకు నెల్లూరు కుతకుతలాడిపోతోంది. సముద్రానికి పోదాం అన్నది హజరత్తయ్య. అయితే మా ఇంట్లోనే భోజనం అన్నాడు ముత్యాలయ్య. పద్మనాభయ్య నవ్వి, నీ ఇష్టం ముత్యాలూ అన్నాడు.

శనివారం అయినందుకు ముత్యాలయ్య లోలోపల ఎంతో సంతోషించాడు. పద్మనాభయ్య వాళ్ళింట్లో శనివారం వెంకటేశ్వరస్వామి వారం, నీచు ముట్టరు. ఆదివారమైతే పాలెంలో చేపల పులుసు పెట్టకుండా ఎలా? అది వాళ్ళు తింటారో తినరోనని గుబులు. శనివారం కాబట్టి పప్పూ కూరా వండించవచ్చు, వంక పెట్టడానికి ఏమీ ఉండదు. ఇంత లోతుగా ఆలోచించాడు తెలివిగలవాడు.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పాలెం వెళ్ళాడు. సంచిలో బెండకాయలు, బంగాళాదుంపలు, చింతపండు, నెయ్యి. వంకాయ మాత్రం తేలేదు. ఇందుకూరుపేటలో దిగి కొత్త కుండలు కూడా కొన్నాడు. అంకాలమ్మ ఎదురొచ్చి సంచి అందుకుంది. కొడుకు స్నేహితులు వస్తున్నారంటే ఆమె ముఖం విప్పారింది. వాకిట్లో ఎండుతున్న చేపలను చూపించి, అవి తీసెయ్యమన్నాడు ముత్యాలయ్య. తీసేసింది. చూరులో వేలాడుతున్న పాత వల పక్కింటికి పంపమన్నాడు. పంపింది. పొయ్యి మీద పులుసు దాక ఉంది. అంకాలమ్మ అత్తగారి కాలం నాటి మట్టి దాక అది, ఎన్ని పులుసులు తాగిందో, కాగికాగి నల్లగా నున్నగా అయింది. దాన్ని అతనే గుడ్డతో పట్టుకుని తీసుకెళ్ళి ఇంటి వెనక తాటాకుల కింద పెట్టి వచ్చాడు. పొయ్యి అలికించాడు, సాంబ్రాణి వేయించాడు. తల్లి అన్నీ చేసింది. చివరికి చెయ్యి కడుక్కుంటూ ఒక మాట అన్నాడు.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు వడ్డించబాకు. నేను వడ్డిస్తాలే."

అంకాలమ్మ ఎందుకని అడగలేదు. సరే నాయనా అంది.

శనివారం పొద్దున్నే బస్సెక్కారు ముగ్గురూ. మైపాడులో దిగి ఇసకలో నడిచి సముద్రం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. స్నానానికి దిగారు. పద్మనాభయ్యకు అలలంటే భయం, కాలి కింద ఇసక జారగానే ముత్యాలయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. స్నానం అయ్యేదాకా వదల్లేదు. హజరత్తయ్య అల మీద పడి ఉప్పునీళ్ళు మింగి దగ్గుతుంటే ముగ్గురూ విరగబడి నవ్వారు. ఇంతకంటే మంచి రోజు ఉండదనుకున్నాడు ముత్యాలయ్య.

ఒడ్డెక్కాక దాహమేసింది. పాలెం మొదట్లోనే ముత్యాలయ్య పినతండ్రి చిన్నపోలయ్య ఎదురై, ఇంట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. పద్మనాభయ్య చెంబు వైపు చూడకుండానే, కొబ్బరి బోండాం దొరకదా పెద్దాయనా, సముద్రం దాకా వచ్చి మంచినీళ్ళేం తాగుతాం అని నవ్వుతూ అడిగాడు. బోండాలు కొట్టించారు. తాటి ముంజలు తెచ్చి పెడితే ఇద్దరూ గోళ్ళతో తవ్వుకుని తృప్తిగా తిన్నారు. ఆ పక్కింటి మాధవయ్య వాళ్ళు మజ్జిగ ఇస్తే, బోండాం తాగిన కడుపులో మజ్జిగ పడదన్నాడు పద్మనాభయ్య. ప్రతిసారీ ఎంత మర్యాదగా చెప్పాడంటే, అవతలివాళ్ళకే తాము తప్పు చేశామేమోననిపించేలా చెప్పాడు. కాయలో ఉన్నది తాగుతున్నాడు, తొక్కలో ఉన్నది తింటున్నాడు, మనిషి చేతి మీదుగా వచ్చింది మాత్రం ముట్టడం లేదు. పాలెంలో ఆడవాళ్ళు చూసీచూడనట్టు చూసి లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళకు అర్థమైంది. చదువుకున్న ముత్యాలయ్యకు కాలేదు.

ఇంటికొచ్చారు. అంకాలమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. పద్మనాభయ్య ఆమెకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. అలికిన నేల మీద మూడు ఆకులు వేసి ఉన్నాయి. ముద్దపప్పు, బెండకాయ వేపుడు, బంగాళాదుంప కూర, సాంబారు. హజరత్తయ్యకు ఇష్టమని పులిహోర కూడా. ఇల్లంతా ఇంగువ వాసన. ఆ ఇంట్లో ఇంగువ వాసన రావడం అదే మొదటిసారి.

కూర్చోండి అన్నాడు ముత్యాలయ్య, గరిటె పట్టుకుని.

పద్మనాభయ్య కూర్చోలేదు. గుమ్మం బయట అరుగు మీదే చతికిలబడి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ చెప్పాడు.

"ముత్యాలూ, చెప్పడం మరిచినా. శనివారం గదా, నాకు ఒంటిపొద్దు. ఏమనుకోబాకమ్మా, ఇంకోసారి వొచ్చి తింటాం."

మాటలో ఎక్కడా దురుసు లేదు. ముత్యాలయ్య హజరత్తయ్య వైపు చూశాడు. హజరత్తయ్య ఆకుల వైపు చూశాడు, పులిహోర వైపు చూశాడు, పద్మనాభయ్య వైపు చూశాడు. తనకూ పొద్దున తిన్న ఇడ్లీలు అరగలేదని గొణిగాడు.

ముత్యాలయ్యకు ఒళ్ళు మండింది. దేవుడి పేరు చెప్పినవాడిని ఏమంటాడు? మెస్సులో ప్రతి శనివారం పక్కన కూర్చుని మధ్యాహ్నం కడుపునిండా తినేవాడే పద్మనాభయ్య. ఒంటిపొద్దు వాళ్ళకు రాత్రి లేదు గాని, మధ్యాహ్నం భోజనం ఉంటుంది. అయినా ఏదైనా మొక్కు ఉందేమోనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అతనూ తినలేదు. మూడు ఆకులూ అలాగే ఉండిపోయాయి.

అంకాలమ్మ లోపలికెళ్ళింది. పులిహోర ఒక సత్తుగిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి కొడుకు చేతికిచ్చింది. దారిలో ఆకలేస్తే తినండయ్యా, పులిహోర చెడిపోదు అంది. ఈ మాట ఆ ఇద్దరినీ చూస్తూనే చెప్పింది.

తిరుగుదారిలో బస్సు మైపాడు దాటి కొంత దూరం రాగానే పద్మనాభయ్య ఆపించాడు. తన మేనమామ మామిడితోట ఇక్కడే ఉందని, కాసేపు నీడన కూర్చుని తర్వాతి బస్సుకు పోదామని అన్నాడు. దిగారు. తోటలో పెంకుటిల్లు, చల్లటి వసారా. కాపలా ఉండే మస్తానయ్య పరుగున వచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చాడు. వసారాలో అరిటాకులు వేసి ఉన్నాయి. మూడు. అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంది.

మస్తానయ్య మాటకారి. నిన్ననే కబురొచ్చింది బాబూ, ముగ్గురొస్తారని, ఎండన పడి వస్తారు అన్నం సిద్ధంగా ఉంచమని, అందుకే ఊళ్ళోంచి క్యారియరు తెప్పించానని గడగడా చెప్పేశాడు.

నిన్ననే. అంటే శుక్రవారమే. అంటే బస్సెక్కక ముందే, అలలో తన చెయ్యి పట్టుకోక ముందే, అంకాలమ్మకు నమస్కారం పెట్టక ముందే, ఆ ఇంట్లో ముద్ద ముట్టకూడదని పద్మనాభయ్య నిర్ణయించుకుని ఉన్నాడు. తన తల్లి కొత్త కుండల్లో వండుతున్నప్పుడే ఇక్కడ ఈ ఆకులు సిద్ధమవుతున్నాయి.

"ఒంటిపొద్దన్నావే," అన్నాడు.

పద్మనాభయ్య ఆకు ముందు కూర్చుంటూ, "ఒంటిపొద్దంటే ఒక పూట గదా ముత్యాలూ. ఆ పూట ఇదీ. రా, కూర్చో. మనలో మనకేముంది," అన్నాడు.

ఆ మాటకే ముత్యాలయ్యకు కోపం నెత్తికెక్కింది. వసారాలో తన ఆకు విడిగా వేయలేదు. వేసి ఉంటే బాగుండేది, ఇదీ సంగతి అని అప్పుడే తెలిసిపోయేది. పద్మనాభయ్య తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడు, పెరుగూ వేయిస్తాడు, ఆవకాయ బద్ద కూడా ఇస్తాడు. పెట్టే చెయ్యి పద్మనాభయ్యదై ఉన్నంతకాలం ముత్యాలయ్య స్నేహితుడే. వంకాయ ముక్కలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రెండేళ్ళ వంకాయ కూర గొంతులోకి వచ్చినట్టయింది.

హజరత్తయ్య అప్పటికే ముద్ద కలుపుతున్నాడు. తల పైకెత్తకుండా, "నాకు మీ ఇంట్లోనే తినాలని ఉండిందన్నా," అన్నాడు చిన్నగా. అది ఇంకా మండించింది ముత్యాలయ్యను. తిననివాడి మీద ఒక రకం కోపం. తినాలని ఉండి, ఇంకొకరి ముఖం చూసి మానినవాడి మీద వచ్చే కోపానికి పేరు లేదు.

అతను కూర్చోలేదు. సత్తుగిన్నెకు కట్టిన గుడ్డ విప్పాడు. చేత్తోనే పులిహోర తీసి పద్మనాభయ్య ఆకులో పెట్టాడు, సరిగ్గా అన్నం పక్కన. మరో పిడికెడు హజరత్తయ్య ఆకులో. తర్వాత వాళ్ళ ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"మా అమ్మ చేసింది. తినండి," అన్నాడు.

పద్మనాభయ్య చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. ముఖంలో నవ్వు పోలేదు. తర్వాత ఆకును మెల్లగా మడిచి లేచి, కడుపు నిండింది మస్తానయ్యా, చేతికి నీళ్ళు పొయ్యి అన్నాడు. సగం అన్నం ఆకులోనే ఉంది. మస్తానయ్యకు ఏం జరిగిందో అర్థం కాక చెంబు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. హజరత్తయ్య లేవలేదు. తిననూ లేదు. తన ఆకులోని పులిహోర ముందు తలవంచుకుని, ఆరిపోతున్న చేత్తో అలాగే కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ముత్యాలయ్యకు ఎందుకూ పనికిరాలేదు.

ముత్యాలయ్య తిట్టాలనుకున్నవన్నీ నాలుక మీదే ఉన్నాయి, ఒక్కటీ తిట్టలేదు. గిన్నెకు గుడ్డ కట్టుకుని రోడ్డెక్కాడు. నెల్లూరు వైపు కాదు, పాలెం వైపు. వెనక నుంచి హజరత్తయ్య ముత్యాలన్నా అని పిలిచాడు. వెనక్కి తిరగలేదు. మైపాడు వెళ్ళే గడ్డి బండివాడు ఎక్కమంటే ఎక్కలేదు. కోపాన్ని కాళ్ళలో పెట్టుకుని నడిచాడు. రోడ్డు పొడుగునా పద్మనాభయ్యతో పోట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి మాటలన్నీ బాగా వచ్చాయి. ఈసారి పద్మనాభయ్య దగ్గర జవాబు లేదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. వాకిట్లో చేపలు మళ్ళీ ఎండుతున్నాయి. పక్కింటికి పంపిన వల చూరులోకి తిరిగొచ్చింది. అలికిన పొయ్యి మీద నల్లదాక ఉంది, అందులో పులుసు ఉడుకుతోంది. ఆ రోజు శనివారమైతే ఏం, అంకాలమ్మకు అన్ని వారాలూ సముద్రానివే. కొత్త కుండలు ఒక మూల బోర్లించి ఉన్నాయి.

ముత్యాలయ్య గిన్నె కింద పడేసినట్టు పెట్టి, జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. మామిడితోట, నిన్ననే వెళ్ళిన కబురు, మడిచిన ఆకు, ఏదీ వదల్లేదు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. వాళ్ళు మనుషులు కాదన్నాడు. ఆ గదికి మళ్ళీ పోనన్నాడు. నీ చేతి అన్నం పక్కకు తోసిన చేతులు పడిపోవాలన్నాడు. ఊళ్ళో పదిమందికీ వినబడేలా అరిచాడు. ఆ అరుపుల్లో ఎక్కడో, తల్లి ఏడుస్తుందని, తాను ఓదార్చాలని కూడా అనుకున్నాడు.

అంకాలమ్మ ఏడవలేదు. పొయ్యిలో కట్టె ఎగదోసింది. దాకలో పులుసు ఒకసారి కలియబెట్టి, కొడుకు వైపు తిరిగింది. అప్పుడు చూశాడతను. ఆమెకు అతనికంటే ఎక్కువ కోపంగా ఉంది.

"వాళ్ళు ఎవరో పరాయోళ్ళు, అబ్బయ్యా. నా అన్నం వొద్దని వాళ్ళన్నది ఇయ్యాల. నా చెయ్యి వొద్దని నువ్వన్నది బేస్తవారమే."

దారి పొడుగునా పద్మనాభయ్య దగ్గర లేని జవాబు, ఇప్పుడు ముత్యాలయ్య దగ్గరా లేదు. దాకను తీసుకెళ్ళి ఇంటి వెనక పెట్టిన చేతులు అతనివే. చేపల తట్ట మోసి మోసి నెత్తిన కాయ కాచిన మనిషిని, స్నేహితుల ముందు గరిటె పట్టుకోవద్దన్నదీ అతనే. పద్మనాభయ్య ఆకు మడవడానికి రెండు రోజుల ముందే ఈ ఇంట్లో ఒక ఆకు మడతపడింది.

అంకాలమ్మ కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. పక్కన అన్నం కుండ, దాక, గరిటె పెట్టింది. పెట్టి, పోయి గుమ్మంలో కూర్చుంది, వీధి వైపు తిరిగి.

"వడ్డించుకో," అంది.

చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో అతను ఒక్కసారి కూడా తనంత తాను వడ్డించుకోలేదు. గరిటె ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అమ్మా, నువ్వు వడ్డించు అన్నాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పులుసు చల్లారిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.